దిమ్మె లోపలి గడ్డి

ఆ రోజుల్లో జహీరాబాద్ బస్టాండు వెనక ఒక అద్దె గదిలో ఉండేవాణ్ని. పొద్దున్నే బస్సెక్కి న్యాల్‌కల్ దాకా, అక్కణ్నుంచి సైకిలు మీద కర్ణాటక సరిహద్దును ఆనుకున్న ఒక ఊరికి పోయి పాఠాలు చెప్పేవాణ్ని. ఆ ఊళ్లో సర్కారు కాయితాలు తడబడకుండా చదవగలిగినవాణ్ని నేనొక్కణ్నే కావడంతో పంచాయతీ రాతపని కూడా నా నెత్తిన పడింది. నెత్తిన పడిందని ఇప్పుడంటున్నాను గానీ, అప్పుడు దాన్ని కిరీటంలాగే మోశాను. గ్రామసభలో జమాఖర్చులు చదివేది నేనే. బడి వరండాలో నిలబడి గడగడా చదివేస్తుంటే జనం బీడీలు కాలుస్తూ తలలూపేవాళ్లు. ఏనాడూ ఎవరూ ఏమీ అడగలేదు. అదంతా నా మీద నమ్మకమేనని మురిసిపోయేవాణ్ని. ఎంత వెర్రివాణ్ని!

డెబ్భైలలో ఒకసారి వరుసగా రెండేళ్లు వానలు మొహం చాటేశాయి. బావులు అడుగంటాయి. ఎడ్లను సంతకు తోలడం మొదలైంది. ఊరి ఇంటిపన్ను డబ్బుకు పంచాయతీ సమితి ఇచ్చిన డబ్బు కలిపి, ఊరవతల పశువుల కోసం ఒక కుంట తవ్వించాలని పంచాయతీ తీర్మానించింది. లోతు అయిదడుగులు ఉండాలి. అంతకు తగ్గితే ఎండాకాలం దాకా నీళ్లు నిలవవని రైతులు పట్టుబట్టి మరీ రాయించారు. పని ఒక గుత్తేదారుకు దక్కింది. తవ్వడానికి పది వడ్డెర కుటుంబాలు గాడిదలతో సహా వచ్చి, కుంట పక్కనే గుడిసెలు వేసుకున్నాయి.

మట్టిపనిలో ఒక పద్ధతి ఉంది. నేలంతా తవ్వుతూ పోతారు గానీ, అక్కడక్కడా మనిషి కూర్చునేంత జాగాను ముట్టుకోకుండా వదిలేస్తారు. చుట్టూ నేల దిగేకొద్దీ అవి దిమ్మెల్లాగా నిలబడిపోతాయి. దిమ్మె తల మీద పాత నేల, పాత గడ్డి అట్లాగే ఉంటాయి. పైనుంచి కిందికి కొలిస్తే ఎంత లోతు తవ్వారో తెలుస్తుంది. గుత్తేదారుకు బిల్లయినా, కూలీలకు కూలయినా ఆ కొలతను బట్టే. లెక్క తేలేదాకా ఆ దిమ్మెలను ఎవరూ ముట్టుకోరు.

పని అయిపోయిందన్నారు. ఓవర్సీరు వచ్చి టేపు పట్టాడు. సరిగ్గా అయిదడుగులు వచ్చింది. నేను కుంటలోకి దిగలేదు. ఎండ మండిపోతోందని గట్టు మీద తుమ్మచెట్టు నీడలోనే నిలబడి, ఊరి తరఫున సాక్షిగా సంతకం పెట్టేశాను.

మర్నాడు పొద్దున గ్రామసభ. సభ ఒప్పుకుంటేనే ఆఖరి బిల్లు ముడుతుంది. వడ్డెరవాళ్లకు రావలసిన కూలి కూడా ఆ బిల్లులోనే ఉంది. అప్పటికే వాళ్లు ఒంటిపూట గంజితో కాలం గడుపుతున్నారు. అందుకే ఎన్నడూ సభ మొహం చూడనివాళ్లు ఆ రోజు వచ్చి, వరండా ముందు ఎండలో కూర్చున్నారు.

కుంట లోతు అయిదడుగులు, పని సంపూర్ణం అని చదివాను. వాళ్లలో అందరికంటే పెద్దది, ఒక ముసలామె, మోకాళ్ల మీద చేతులానించి లేచింది.

“పంతులూ, ఆ లోతు జర మల్ల చదువు.”

మళ్లీ చదివాను, కాస్త విసుగ్గానే.

“నాలుగే తవ్వినం.”

పక్కనున్న కొడుకు ఆమె కొంగు పట్టి లాగాడు. ముసలిదానికి మతి తప్పిందని గుత్తేదారు నవ్వాడు. టేపు లెక్క నీకేం తెలుసవ్వా అని సర్పంచు మెత్తగానే అడిగాడు. టేపు తనకు తెలియదని, దిమ్మె మాత్రం తెలుసని, వస్తే చూపిస్తానని చెప్పి, ఎవరి జవాబు కోసమూ ఆగకుండా నడిచింది. ఊరంతా వెనకే కదిలింది. కొందరు తమాషా చూద్దామని వచ్చారు. నేను మాత్రం కోపంతో పోయాను. నా సంతకాన్ని అబద్ధమంటోంది కదా!

కుంటలో ఒక దిమ్మె దగ్గర ఆగి, చెంగు బిగించి, పార ఎత్తింది. బెల్లం అచ్చును కోసినట్టు దిమ్మెను పైనుంచి కిందికి ఒక పక్కగా చెక్కేసింది. లోపలంతా బయటపడింది. పైన ఎండుగడ్డి. దాని కింద అడుగు మందాన నల్లమట్టి. ఆ తర్వాత వేలెడు మందం కూడా లేని పసుపుపచ్చని గీత. ఆమె గోటితో ఆ గీతను గీరింది. నలిగిపోయిన గడ్డి పోచలు ఊడొచ్చాయి, వాటి వేళ్లు కింది మట్టిలోకి దిగి ఉన్నాయి. దాని కింద మళ్లీ నల్లమట్టి, ఆ కింద ఎర్ర మొరం.

“గడ్డి భూమి మీద మొలుస్తది గని, భూమి లోపట మొలుస్తదా?”

ఎక్కడినుంచో గడ్డితో సహా కోసుకొచ్చిన మట్టిపెళ్లలను దిమ్మె తల మీద పేర్చి, నాలుగడుగుల తవ్వకాన్ని అయిదుగా చూపించారు. ఆమె మిగతా దిమ్మెలను కూడా చెక్కింది. అన్నిటిలోనూ అదే గీత. అక్షరమ్ముక్క రాని ఆ మనిషి నేల అడుగున దాచిన అబద్ధాన్ని వేలు పెట్టి చదువుతుంటే, చదువుకున్న నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. అంత గొప్ప చదువు నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

గుత్తేదారు కాదనలేదు. వడ్డెరవాళ్ల వైపు తిరిగి, ఆ అడుగులో మీ కూలి కూడా ఉంది, దాన్ని మీ ముసలిదే మట్టిపాలు చేస్తోందని అన్నాడు. నిజమే. అప్పటిదాకా అది నాకు తట్టనే లేదు. ఆమె నోరు మూసుకుంటే వాళ్లకు ఇంకో అడుగు కూలి ముట్టేది. చంకలో పిల్లతో ఉన్న ఆమె కోడలు అక్కడే కూలబడింది. మరి మేమేం తినాలని కొడుకు తల్లిని నిలదీశాడు.

“ఆకలైతదని నాకెర్క లేదా బిడ్డా? తవ్వని అడుగుల నీళ్లు నిలుస్తయా? ఎండకాలం ఈడ గొడ్లు సస్తే, మనం తవ్విన కుంట అనే అంటరు.”

అంతకుముందు వారమే ఎడ్లను అమ్ముకున్న ఒక రైతు, బిల్లు ఆపెయ్యాలన్నాడు. మిగిలిన అడుగు వీళ్లతోనే తవ్వించి, కూలి నేరుగా వీళ్ల చేతికే ఇవ్వాలని ఇంకొకరన్నారు. అప్పటిదాకా ఇంటికో సేరు జొన్నలు పోద్దామని వెనక నుంచి ఒక ఆడమనిషి గొంతు వినిపించింది. చేతులు లేచాయి. కుంటలోనే సభ మళ్లీ మొదలైంది. ఇంటిపన్ను ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, మిగిలింది ఎవరి దగ్గరుంది అని ఒక్కొక్కరే అడగసాగారు. ఇన్నేళ్లూ తలలూపిన మనుషులేనా వీళ్లు అనిపించింది. మొదటిసారి నేను ఒక్కో పద్దు ఆగి ఆగి చదివాను. తీర్మానం సర్పంచు చెబుతుంటే పుస్తకం మోకాలి మీద పెట్టుకుని రాశాను.

మిగిలిన అడుగు తవ్వడానికి రెండు వారాలు పట్టింది. మళ్లీ కొలిచే రోజున ఓవర్సీరు టేపు పట్టి అయిదడుగులన్నాడు, సర్పంచు సరేనన్నాడు. కాయితం నా చేతికొచ్చింది. గట్టు మీద నిలబడ్డ ముసలామె నన్నే చూస్తోంది.

“దిగు పంతులూ,” అంది.

దిగాను. గట్టుకు దగ్గరగా వచ్చి నిలబడమంది, నిలబడ్డాను. తల నిటారుగా పెట్టి చూస్తే ఎదురుగా గట్టు అంచు, ఆ అంచు మీద ఆమె పాదాలు. మడమలు పగిలి, పగుళ్లలో ఎర్రమట్టి ఇంకిపోయి, నా కళ్లకు సరిగ్గా ఎదురుగా ఉన్నాయి. నాలుగడుగులే అయితే ఆ అంచు నా ఛాతీ దగ్గరే ఆగేది. మొక్కాలనిపించింది. వంగాల్సిన పని కూడా లేదు.

“ఇగ పెట్టు నీ సంతకం.”

ఆ పాదాల పక్కనే మట్టిలో కాయితం పరిచి సంతకం పెట్టాను.