కొండదారి కాపలా

ఆస్ట్రేలియాలోని టూవూంబాలో నేను నర్సుగా పనిచేసే వృద్ధుల ఆశ్రమం కొండ అంచున ఉంది. చలికాలంలో పొగమంచు లోయలోంచి లేచి పట్టపగలే గాజు తలుపుల దాకా వచ్చేస్తుంది. అక్కడ ఒక గ్రీకు పెద్దాయన ఉండేవాడు. బడిలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. మతి తప్పాక ఆయన బుర్రలో ఒకే పాఠం మిగిలింది, గ్రీకుల మీదికి పర్షియన్లు దండెత్తి రావడం. లోయలోంచి మలుపులు తిరుగుతూ పైకొచ్చే రోడ్డే శత్రువు వచ్చే దారి అని ఆయన నమ్మకం. పొద్దస్తమానం గాజు తలుపు ముందు కుర్చీ వేసుకుని కాపలా కాసేవాడు.

ఆ జూలై చలిలో ఒకసారి నీళ్ళు మానేశాడు. రెండు రోజులు గడిచేసరికి పెదాలు పగిలి నాలుక పిడచకట్టుకుపోయింది. సాయంత్రంలోగా తాగకపోతే ఆస్పత్రికి పంపాల్సిందేనన్నాడు డాక్టరు. ఆ ఒంటితో వెళితే ప్రాణంతో తిరిగి రాడని మా అందరికీ భయం.

నేను గ్లాసు పట్టుకెళితే, "తాగితే లేవాలి. లేస్తే దారి కాసేదెవరు?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "వాళ్ళు మారథాన్ యుద్ధంలో చావుదెబ్బ తిని పోయారని మీరేగా చెప్పారు!" అని కసిరాను.

"పోయారు. పదేళ్ళకి ఇంకా పెద్ద సైన్యంతో వచ్చారు. పోయి వస్తానని రోజూ నువ్వేగా చెబుతున్నావు?"

నేనా! స్టాఫ్ రూములో నాతో పనిచేసే వరంగల్ పిల్ల దగ్గర ఈ గోడు వెళ్ళబోసుకుంటే, అది తినడం ఆపి నా మొహంలోకి చూసింది.

"అక్కా, డ్యూటీ అయిపోంగనే రోజూ తాతతోని 'ఐ విల్ గో అండ్ కమ్' అంటవు గదా! నువ్వు గా పర్షియనోళ్ళ మనిషివని, బెదిరిస్తున్నవని అనుకున్నడేమో!"

నా నోరు పడిపోనూ! వెళ్ళొస్తాను అన్నమాటే అది. గడప దాటేటప్పుడు 'పోతున్నా' అంటే మా అమ్మ మూతి మీద ఒక్కటిచ్చేది. ఇన్నేళ్ళ ఇంగ్లీషులో కూడా ఆ భయం నన్ను వదల్లేదు. నేను ప్రేమగా అన్న మాటకి పాపం ఆ ముసలాయన నెలల తరబడి దారి కాశాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

డ్యూటీ దిగే ముందు గ్లాసుతో వెళ్ళి ఆయన ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాను. "పోతున్నాను. మళ్ళీ రాను" అని ఇంగ్లీషులో స్పష్టంగా చెప్పాను. నా జన్మలో ఎవరితోనూ అనని మాట.

ఆయన గ్లాసు అందుకున్నాడు. పెదాల దాకా తెచ్చి ఆగాడు.

"మరి వాళ్ళు?" అంటూ నా వెనక గాజు తలుపు వైపు చూపించాడు.

తిరిగి చూశాను. పొగమంచు తప్ప ఏమీ లేదు. నవ్వుదామనుకున్నాను, రాలేదు. లేచి తలుపు తెరిచాను. ఇంగ్లీషు నోటికి రాక తెలుగులోనే, "పోండి. మళ్ళీ రాకండి" అన్నాను.

వెనక గుటక వినపడింది. ఇంకొకటి. ఆగకుండా తాగుతున్నాడు! నాకు ఏడుపొచ్చేసింది. కానీ తలుపు మూయడానికి చెయ్యి రాలేదు. బయట పొగమంచులో, కంకర మీద లెక్కలేనన్ని అడుగుల చప్పుడు, ఒక సైన్యం కొండ దిగుతున్నట్టు. ఆయన గ్లాసు ఖాళీ చేసి ఇంకో గ్లాసు అడిగాడు. ఆ అడుగులు ఇంకా అయిపోలేదు.