కందిపప్పు డబ్బాలో దాచినవి

రండమ్మా, ఆ పీట ఇలా లాక్కుని దగ్గరగా కూర్చోండి. మగవాళ్లు వింటున్నా పర్వాలేదు, వాళ్లూ వినాల్సిందే. ఆ రోజుల్లో మేం సిగ్గుని నగలకంటే భద్రంగా దాచుకునేవాళ్లం. ఆ దాపరికమే ఒకసారి నా కొంప ముంచబోయింది.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. పెద్దాడి కాన్పులో రక్తం బాగా పోయి, సత్తెనపల్లి ఆసుపత్రిలో నాలుగు రోజులు మనిషిని కాలేదు. "మూడేళ్లదాకా ఇంకో కాన్పు వద్దమ్మా, తట్టుకోలేవు" అంది డాక్టరమ్మ. అందుకని మా వీధి ఆశక్క (ఆశా కార్యకర్తని మేం అలాగే పిలిచేవాళ్లం) నాకు కడుపు రాకుండా మాత్రలు ఇచ్చేది. మిరప కోతల హడావుడిలో వరసగా మూడు రోజులు మాత్ర మరిచిపోయాను. అదృష్టం, మా ఆయన ఆ వారమంతా రాత్రిళ్లు కల్లం కాపలాకి పొలంలోనే పడుకున్నాడు. పరిగెత్తుకెళ్తే ఆశక్క తిట్టలేదు. "మళ్లీ మొదలుపెట్టు. ఏడు రోజులు తప్పకుండా మాత్ర పడేదాకా మీ ఆయన్ని ఇవి కూడా వాడమను. ఆ తర్వాతా రెండూ వాడుకుంటే ఇంకా నిశ్చింత. నువ్వు మర్చిపోయినా ఇది కాస్తది" అంటూ కండోమ్‌ల కట్ట చేతిలో పెట్టింది. ఇంటికొచ్చి కందిపప్పు డబ్బాలో అడుగున పూడ్చాను. వంట నాదే కదా, ఎవరు చూస్తారని ధీమా.

మర్నాడు మధ్యాహ్నం కల్లానికి అన్నం తీసుకెళ్లాను. కాయల గుట్ట చుట్టూ పదిమంది ఆడవాళ్లు తొడిమలు తీస్తున్నారు. ఆ పనికి వేళ్లు నిప్పులో పెట్టినట్టు మండుతాయి, అందుకే గుడ్డ పీలికలు చుట్టుకుంటారు. ఆ రోజు పీలికలు లేవు. ఒక్కొక్కరి బొటనవేలికీ చూపుడు వేలికీ తెల్లగా, మెరుస్తూ, కొసన వేలాడుతూ... జారిపోకుండా దారం కూడా కట్టారు!

"ఏమే పిల్లా, ఇంత మంచి తొడుగులు పప్పులో దాచుకున్నావేంటి?" మా అత్తయ్య చెయ్యెత్తి ఊపింది. "పప్పు తీద్దామని చెయ్యి పెడితే దొరికాయి. అందరికీ పంచేశా. కాస్త నూనె జిడ్డు గానీ, మంటన్నదే లేదు!"

"నీ కోడలు బంగారం వదినా" అంది పక్కావిడ.

మూలన కూర్చున్న కొత్త కోడలు మాత్రం తల దించుకుని, భుజాలు అదిరేలా నవ్వుతోంది.

నా చేతిలో క్యారేజీ జారి పప్పుచారంతా మిరపకాయల మీద పడింది. అత్తయ్యని పక్కకి లాగి చెవిలో చెప్పాను. ఆమె నోరు తెరుచుకుని తన రెండు వేళ్లనీ అలాగే చూస్తూ ఉండిపోయింది, అవి ఎవరివో అన్నట్టు. తర్వాత చెయ్యి కొంగులో దాచుకుంది.

"ఓరి నాయనో! నా చేత్తో పంచానే! చెబితే నా పరువు పోద్ది. చెప్పకపోతే ఇళ్లకి పట్టుకుపోయి కడిగి ఆరేస్తారే!"

"పరువు సంగతి తర్వాత అత్తయ్యా" నాకు ఏడుపొచ్చేసింది. "ఇవాళ మీ అబ్బాయి ఇంటికొస్తాడు. ఒక్కటీ మిగల్లేదు. మళ్లీ కడుపొస్తే నేను బతకను."

ఆమె తొడుగులు ఊడదీసి, ఆ మండుటెండలో ఆశక్క ఇంటికి నడిచింది. కాసేపటికి రెండింతల కట్టతో వచ్చి నా పక్కన కూలబడింది. "ఏడుసార్లు కన్నానే. దక్కింది నలుగురు. నాకు ఒక్కరూ చెప్పలేదే" అంది, మెల్లగా.

పొద్దుగూకే వేళ మా ఆయన గడప తొక్కకముందే అత్తయ్య ఆ కట్ట ఆయన చేతిలో పెట్టేసింది. "ఒరేయ్, అది మాత్ర వేసుకుంటది. నీ వంతు నువ్వు చూసుకో. మర్చిపోయావో, కల్లంలో కాయలన్నిటికీ తొడిమలు నీ చేత తీయిస్తా, ఒట్టి వేళ్లతో!" (పాపం ఆయన చెవులు మా మిరపకాయల కంటే ఎర్రబడ్డాయి.)

మా అమ్మాయి నాలుగేళ్ల తర్వాత, మేం రమ్మన్నప్పుడే వచ్చింది. అత్తయ్య ఇప్పుడు లేదు. పప్పు డబ్బాలో చెయ్యి పెట్టినప్పుడల్లా, ప్రాణం మీదికొచ్చినా నోరు విప్పలేక అడుగున పూడ్చుకున్న ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. మీ ఇళ్లలో పప్పు డబ్బా నిండుగా ఉండాలి తల్లీ, అందులో పప్పే ఉండాలి. మీరు రమ్మన్నప్పుడే బిడ్డలు మీ ఉయ్యాల ఎక్కాలి.