నేను తుడిచేసిన మీసం

ఆ రోజుల్లో నాకు పాతది అంటే మురికి పట్టినది అని అర్థం. మురికి పట్టినదాన్ని తుడవాలి, తుడిస్తే కొత్తదవుతుంది, అంతటితో మన పని అయిపోతుంది అని గట్టిగా నమ్మేదాన్ని. ఇప్పుడు నలభైకి దగ్గరపడ్డాను. పాత ఫొటోల మధ్యే పొద్దు గడుస్తోంది. అయినా ఎవరైనా ఒక ఫొటో ముందుపెట్టి "ఇది మురికేనా?" అని అడిగితే వెంటనే నోరు తెరవను. అలా ఆగడం నాకు పోర్ట్‌బ్లెయిర్ హాడో పేటలో ఒక మామ్మ దగ్గర అలవాటైంది. నేర్పించాలని ఆవిడ అనుకోలేదు, నేర్చుకోవాలని నేనూ అనుకోలేదు. అంతా గందరగోళంలో జరిగిపోయింది.

ద్వీపాల ఉత్తర కొసన డిగ్లీపూర్‌లో మా నాన్నకి కిరాణా కొట్టు. డిగ్రీ అయ్యాక ఆ కొట్లో కందిపప్పు తూస్తూ కూర్చున్న నాకు, పోర్ట్‌బ్లెయిర్‌లో డెలానీపూర్ పేటలోని ఒక ఆఫీసులో తాత్కాలిక ఉద్యోగం వచ్చింది. ద్వీపాలకు వచ్చి స్థిరపడిన కుటుంబాల ఇళ్ళల్లో గోడల మీద పాడైపోతున్న ఫొటోలను బాగుచేసి, కాపీ తీసి, మళ్ళీ ఎవరివి వాళ్ళకి ఇచ్చేయడం పని. పది రోజులు శిక్షణ ఇచ్చారు. మొదటి రోజు మా సార్ (మన తెలుగాయనే, కానీ కోపం వస్తే హిందీ, మరీ వస్తే ఇంగ్లీషు) "ఫొటోకి ఏమీ కలపకూడదు, ఫొటోలోంచి ఏమీ తియ్యకూడదు" అన్నారు. మూడో రోజు "మురికి మొత్తం తియ్యాలి" అన్నారు. ఈ రెండు మాటలకీ మధ్య వంతెన ఏదో రెండో రోజు వేసే ఉంటారు. ఆ రోజు నేను క్లాసులో లేను. అమ్మ ఓడలో పంపిన బియ్యం మూట, ఆవకాయ జాడీ దించుకోవడానికి జెట్టీకి వెళ్ళాను. ఆవకాయ చాలా బాగుంది. రెండో రోజు పాఠం మాత్రం నాకు ఎప్పటికీ అందలేదు.

ఉద్యోగంలో నాకు ఒంటరిగా అప్పజెప్పిన మొదటి ఇల్లు మామ్మది. హాడోలో ఓడల కూత వినపడే ఎత్తు మీద రేకుల ఇల్లు. శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు నుంచి పెళ్ళైన కొత్తలో భర్తతో కలిసి వచ్చిందట. మూడో ఏడు ఆయన చేపల వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. ఆయన వెళ్ళిన డుంగీ పడవ కూడా దొరకలేదు. ఆ తరవాత మామ్మ ఎండుచేపలు అమ్ముకుంటూ అక్కడే ఉండిపోయింది. తోడుగా తమ్ముడు వచ్చాడు. ఆయన వరండాలో కూర్చుని బోటు ఇంజిన్లు బాగుచేస్తుంటాడు కాబట్టి చుట్టుపక్కల అందరికీ ఇంజిన్ తాత. లోపల గోడమీద మామ్మ భర్త ఫొటో. కోటు, కలిసిపోయిన కనుబొమ్మలు, పైకి మెలితిరిగిన గుబురు మీసం. అద్దం మీద కుంకుమ బొట్టు, చుట్టూ ప్లాస్టిక్ పూలదండ. అద్దం లోపల బూజు ఒక మూల నుంచి మొదలై చెంప దాకా వచ్చేసింది.

"సూడు బేటీ, నిరుడు కోటు మీదున్నాది, ఇప్పుడు మొగం మీదకొచ్చీసింది. ఎల్లుండి ఆయన రోజు. బువ్వ ఎట్టేటప్పుడు మొగం సాఫ్‌గా కనపడాల. ఇదొక్కటే ఫొటో. ఇది ఖరాబైపోతే ఆయన మొగం ఇంకెక్కడా నేదు" అంది మామ్మ.

ఆఫీసుకి పట్టుకెళ్ళి రెండు రోజుల్లో తెచ్చిస్తానన్నాను. మామ్మ ఫొటోకి అడ్డంగా నిలబడింది.

"ఒకపాలి గుమ్మం దాటి ఎల్లినాడు, మరి రానేదు. రెండోపాలి నాను పంపను. ఇక్కడే చెయ్యి."

సరే, వరండాలో బల్ల వేసుకుని అక్కడే పని మొదలుపెట్టాను. మామ్మ తద్దినానికి కావలసినవి కొనడానికి బజారుకి వెళ్ళింది. శిక్షణలో చెప్పినట్టు ముందుగా నా ఫోన్‌తో ఆ ఫొటోని ఫొటో తీశాను. నూలు గ్లౌజులు తొడిగాను. తుప్పుపట్టిన మేకులు తీసి, అద్దం విడదీసి, మెత్తటి బ్రష్షుతో బూజు దులిపాను. ఒక మూల తడి దూది పెట్టి పరీక్షించాను. ఏమీ కాలేదు. ఇక ధైర్యం వచ్చేసింది. ఇంజిన్ తాత కాస్త దూరంలో, నేను వచ్చినప్పటి నుంచీ గోడకి వీపు తిప్పి, ఇంజిన్ విప్పుకుంటున్నాడు. ఆయన ఆ ఫొటో వైపు ఒక్కసారైనా చూడకపోవడం గమనించి, బావ అంటే ఎంత భయభక్తులో అనుకున్నాను.

చెంప మీద బూజు మరక పోయింది. ముక్కు కింద తుడిచేసరికి దూది నల్లగా వచ్చింది. నా సంతోషం చెప్పలేను. ఇన్నేళ్ళ దీపం పొగ! దూది మారుస్తున్నకొద్దీ నల్లగా వస్తూనే ఉంది, నేను తుడుస్తూనే ఉన్నాను. నల్లబడ్డ దూది ముక్కలన్నీ సార్‌కి చూపించాలని ఒక కవర్లో దాచాను కూడా. కాసేపటికి నడుం పట్టేసి తల ఎత్తి చూస్తే, మీసం సగమే ఉంది. ఎండ పడి అలా కనిపిస్తోందేమోనని ఫొటో అటూ ఇటూ వంచి చూశాను. అటు వంచినా సగమే, ఇటు వంచినా సగమే. సందేహం తీర్చుకుందామని రెండో పక్క కూడా తుడిచాను. (ఇదేం తెలివి అని నన్నడగకండి. అప్పుడు మాత్రం చాలా సబబుగానే అనిపించింది.) మీసం మొత్తం పోయింది. కంగారులో దూది కనుబొమ్మల మీదకి జారి, ఆ నలుపు కూడా వచ్చేసింది. మామ్మ భర్త స్థానంలో నూనూగు మీసం కూడా రాని ఒక కుర్రాడు, కోటు వేసుకుని, ఎడమ కనుబొమ్మకి నడిమధ్యలో గాటుతో, నా వైపు బిక్కమొహం వేసుకుని చూస్తున్నాడు.

అప్పుడే "చాయ్ తీసుకో అమ్మా, సల్లారిపోద్ది" అని వినిపించింది. తలెత్తాను. ఇంజిన్ తాత గ్లాసు చాచి నిలబడ్డాడు. ఆయన ఎడమ కనుబొమ్మకి నడిమధ్యలో గాటు ఉంది.

నేను ఫొటో చూశాను, తాతని చూశాను, మళ్ళీ ఫొటో చూశాను. నలభై ఏళ్ళకి పైగా దండ వేయించుకుంటున్న మనిషి నాకు టీ ఇస్తున్నాడు. అందులో పంచదార సరిపోయిందా లేదా అని కూడా అడుగుతున్నాడు. నేను గ్లాసు అక్కడే పెట్టి, వాకిట్లో వేపచెట్టు కిందకి పరిగెత్తి సార్‌కి ఫోన్ చేశాను.

"సార్, మీసం పోయింది."

"ఎవరిది?"

"ఫొటోలో ఆయనది సార్. లోపల ఇంకొకాయన ఉన్నారు. ఆయన ఇక్కడే ఉన్నారు, టీ ఇచ్చారు."

ముందు హిందీ వినపడింది, వెనకాలే ఇంగ్లీషు. మధ్యలో వచ్చిన ఒకే ఒక్క తెలుగు మాట: "రెండో రోజు నాలుగు గంటలు చెప్పాను కదమ్మా! పాత స్టూడియోల వాళ్ళు ఫొటోలకి రంగు దిద్దేవారు, ఇంట్లోవాళ్ళని అడక్కుండా దూది పెట్టొద్దని!"

నేను వెనక్కి వచ్చేసరికి మామ్మ బజారు నుంచి వచ్చేసింది. కూరగాయల సంచి కింద పెట్టలేదు. ఫొటో మీదకి వంగి చూస్తోంది.

"ఆయనేడీ?" అంది.

అరవలేదు. తిట్టలేదు. ఇంట్లో మనిషి కనపడకపోతే అడిగినట్టు అడిగింది. గబగబా ఏదో చెప్పుకుపోయాను. పైనున్నది తరవాత వేసిన రంగు మామ్మా, అసలు ఫొటో ఇదే మామ్మా, అసలుకి ఏమీ కాలేదు మామ్మా అని.

"అసలు ఫొటో ఈడిది" అంటూ తమ్ముడి వైపు చెయ్యి చూపించింది. "ఈడు బతికే ఉన్నాడు కదా, ఈడి ఫొటో నాకెందుకు? ఆ రంగే మా ఆయన."

అప్పుడు సంగతంతా బయటికి వచ్చింది. భర్త బతికుండగా ఒక్క ఫొటో కూడా తీయించుకోలేదు. పోయాక, బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకోవడానికి మొహం కావాలి కదా. ఊళ్ళో అప్పట్లో ఒకటే మార్గం. పోలికలున్న మనిషిని స్టూడియోలో కూర్చోబెట్టి ఫొటో తీయిస్తే, ఇంట్లోవాళ్ళు చెబుతుంటే స్టూడియో ఆయన కుంచెతో పోయినవాడిని దాని మీద దిద్దేవాడు. పోలికలు లేకపోయినా అప్పుడు దొరికిన మనిషి ఈ తమ్ముడే. అంటే నేను మొత్తం మధ్యాహ్నం కూర్చుని, గ్లౌజులు తొడుక్కుని, ఎంతో శ్రద్ధగా తుడిచేసింది మామ్మ భర్తని. జాగ్రత్తగా కాపాడింది ఆయన బావమరిదిని.

"మరి నానెందుకు గోడకి ఈపెట్టి కూకుంటాననుకున్నావు? రోజూ నా దండ నానే సూసుకోవాలా?" అన్నాడు ఇంజిన్ తాత. ఇన్నేళ్ళ కష్టం చెప్పుకునే అవకాశం దొరికినందుకు కాస్త సంతోషంగానే ఉన్నట్టున్నాడు.

నేను ఏడ్చేశాను. ఏడుస్తూనే ఫోన్‌లో ముందుగా తీసిన ఫొటో గుర్తొచ్చి తెరిచాను. కోటు స్పష్టంగా ఉంది. దండలో ప్రతి పువ్వూ స్పష్టంగా ఉంది. ఫ్లాష్ వెలుగు అద్దం మీద పడి, సరిగ్గా మొహం ఉన్నచోట తెల్లటి వలయం ఉంది. మళ్ళీ సార్‌కి ఫోన్ చేశాను. మీసం మళ్ళీ వేయనా అని అడిగితే, ఫొటోకి ఏమీ కలపకూడదన్నారు. "తీసింది నేనే కదా సార్. మళ్ళీ పెడితే అది కలపడం అవుతుందా, తిరిగి ఇవ్వడం అవుతుందా?" అన్నాను. ఈసారి ఆయనకీ అర్థం కానట్టుంది. "నీళ్ళతో పోయే రంగే వాడు" అని పెట్టేశారు.

మర్నాడు పొద్దున్నే రంగుల పెట్టెతో వెళ్ళాను. ఇంజిన్ తాతని మళ్ళీ స్టూలు మీద కూర్చోబెట్టారు. (గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఎందుకో ఆయనకీ తెలీదు.) నేను ముందు విడి కాగితం మీద మీసం గీసి చూపించడం, మామ్మ చెప్పడం. పైకి మెలితిప్పిన గుబురు మీసం గీశాను. మామ్మ అది చూసి కళ్ళు మూసుకుంది. ఎంతకీ తెరవదే!

"అది కాదు" అంది చివరికి. "అది స్టూడియో ఆయన ఏసిన మీసం. అప్పుడు నాను ఏడుస్తన్నాను, ఏటీ చెప్పలేకపోనాను. ఆయనే పెద్దమనిషిలాగ ఉంటాదని ఏసీసినాడు. సూసి సూసి నాకూ అదే అలవాటైపోనాది. మా ఆయనకి అంత మీసం ఎక్కడిదీ? ఇరవై రెండేళ్ళు. అప్పుడప్పుడే వస్తన్నాది. సన్నగా ఎయ్యి."

సన్నగా వేశాను. ఎడంపక్క బీడీ అంటుకుని కాస్త కురచగా ఉండేదని తమ్ముడు, కాదు కుడిపక్క అని అక్క. గంటసేపు దెబ్బలాడుకున్నారు. బావ నవ్వితే ఎలా ఉండేవాడు, కోపం వస్తే పెదవి ఎటు వంకర పోయేది, అన్నీ ఆ దెబ్బలాటలోనే వచ్చాయి. అన్నేళ్ళలో ఆ ఇంట్లో ఆయన గురించి అంత మాట్లాడుకోలేదని తాతే చెప్పాడు. ఆఖరికి ఎడంపక్కే కురచ చేశాం. కనుబొమ్మ గాటు పూడ్చాను. మామ్మ ఫొటోని వెలుగులోకి పట్టుకెళ్ళి, చేయి చాపినంత దూరంలో పెట్టి చూసింది.

"ఆఁ" అంది. "వచ్చీసినాడు."

తద్దినం నాడు నాకూ భోజనం పెట్టారు. చేపల పులుసు నిజంగా బాగుంది.

మామ్మ పోయాక ఇంజిన్ తాత ఆ ఫొటోని మా ఆఫీసుకి ఇచ్చేశాడు. తేమ తగలని పెట్టెలో భద్రంగా ఉంది. దాని ఫారంలో "ఫొటోలో ఎంతమంది" అన్నచోట నేను "ఇద్దరు" అని రాశాను. కనపడేది ఒక్కరే కదా, సరిచెయ్యమని పై ఆఫీసు నుంచి కాగితాలు వస్తూనే ఉంటాయి. నేను సరిచెయ్యను. నాకొచ్చే భయం వేరు. నేను వేసింది నీళ్ళతో పోయే రంగు. నేను వెళ్ళిపోయాక, రెండో రోజు క్లాసుకి రాని ఇంకో అమ్మాయి తడి దూదితో ఆ పెట్టె తెరవదని నమ్మకం ఏమిటి? అందుకే ఫొటో వెనక, మెత్తటి పెన్సిల్‌తో, ముందు హిందీలో రాసి, కింద నా వంకర తెలుగులో కూడా రాశాను: "అమ్మాయీ, మీసం తుడవకు. మనిషి ఆ మీసంలోనే ఉన్నాడు. నేను ఒకసారి తుడిచి చూశాను."