చాపేసుకుని కూర్చున్న రాక్ కచేరీ

మొన్న ఆదివారం మా పెద్దవాడు విశాఖపట్నం నుంచి పెళ్ళాం పిల్లలతో వచ్చి, సాయంత్రం తిరిగి బయల్దేరేటప్పుడు, వచ్చే వారం పిల్లలిద్దర్నీ ఏదో రాక్ కాన్సర్టుకి తీసుకువెళుతున్నానని చెప్పి, దానికోసం కొన్న ఒక వస్తువు సంచిలోంచి తీసి చూపించాడు. పెద్ద శబ్దాలకి పసివాళ్ళ చెవులు దెబ్బతినకుండా తగిలించే మూతలట అవి. మా మనవరాలు వాటిని తలకి తగిలించుకుని, "తాతా, నువ్వేటి మాటాడినా నాకు వినబడదు!" అంటూ ఇల్లంతా గంతులు వేసింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను గాని నా వల్ల కాలేదు, కళ్ళజోడు తుడుచుకునే వంక పెట్టుకుని వీధి అరుగు మీదకి వచ్చేశాను. మా వాడు నా వెనకాలే వచ్చి పక్కన కూర్చున్నాడు.

ఇప్పటివాళ్ళకి చెబితే నమ్మరు గాని, నేనూ ఒకసారి రాక్ కచేరీకి వెళ్ళినవాణ్ణే. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, అనకాపల్లిలో పాసింజరు బండెక్కి, భార్యనీ ఇద్దరు పిల్లల్నీ వెంటేసుకుని, చంకలో చాప, చేతిలో పులిహోర కేరేజీ పట్టుకుని మరీ వెళ్ళాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మన వయసువాళ్ళకి అలాంటివి కొత్త. మనకి తెలిసిన పాటలంటే గుడిలో పాడేవీ, రేడియోలో వచ్చేవీ అంతే కదా.

నేనప్పుడు పంచదార ఫ్యాక్టరీలో ఫిట్టర్ని. క్రషింగు సీజను మొదలైందంటే రావికమతం వైపు నుంచీ, ఇంకా ఎక్కడెక్కడి నుంచో చెరుకు బళ్ళు వచ్చి గేటు ముందు బారులు తీరేవి, ఇక రాత్రీ పగలూ మిల్లు ఆగేది కాదు. ఆ మిల్లు హౌసులో పనిచేసినవాళ్ళకే తెలుస్తుంది రొద అంటే ఏమిటో. పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా వినబడదు. అందుకని మేమంతా చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళం. పిడికిలి తిప్పితే బోల్టు బిగించమని, అరచెయ్యి అడ్డంగా ఊపితే ఆపమని, రెండు వేళ్ళు పెదాల దగ్గర పెడితే టీకి పోదామని. ఎవరూ నేర్పింది కాదు, మాకు ముందు పనిచేసినవాళ్ళ నుంచి అలా వచ్చేసింది. ఇంటికొచ్చాక కూడా నా చేతులు ఊరుకునేవి కావు, గొంతూ తగ్గేది కాదు. మా ఆవిడ విసుక్కునేది, ఇది కొంపా మిల్లా అని.

ఆవిడది ఎంత సన్నని గొంతో! మా చర్చి సంఘంలో పాటల బృందానికి ఆవిడే ముందు. ఆదివారం ఆరాధనలో మిగతా అందరి గొంతులూ ఒక ఎత్తున ఆగిపోతే, ఆవిడ గొంతు ఇంకా పైకి వెళ్ళి, కాసేపు అక్కడే ఉండి, నెమ్మదిగా దిగేది. నాకు సంగీతం ముక్క రాదు. అయినా ప్రసంగానికి కునుకుపాట్లు పడే నేను ఆ పాటకి మాత్రం ఒక్కసారి కూడా కన్ను మూసి ఎరగను. మా చిన్నదానికీ ఆ గొంతంటే ప్రాణం. రోజూ తల్లి పాడితేనే నిద్రపోయేది.

చిన్నది నాలుగో తరగతిలో ఉండగా దానికి మెదడువాపు జ్వరం వచ్చింది. బతకదేమో అనుకున్నాం. దేవుడి దయ, బతికింది. బతికింది గాని, చెవి లోపలి నరం దెబ్బతిందని, వినికిడి కొంచెం కొంచెంగా తగ్గిపోయి చివరికి పూర్తిగా పోతుందని విశాఖపట్నంలో డాక్టరు చెప్పాడు. ఇప్పుడు ఏవో ఆపరేషన్లు ఉన్నాయంటున్నారు, అప్పట్లో ఆ మాట మాలాంటివాళ్ళ దాకా రాలేదు. చెవికి పెట్టుకునే మిషను ఒకటి ఇచ్చారు. కొన్నాళ్ళు పనిచేసింది.

సన్నని శబ్దాలు ముందు పోతాయట, లావు శబ్దాలు ఆఖరున పోతాయట. మొదట సైకిలు గంట పోయింది. తర్వాత కుక్కరు కూత. ఒకనాడు మా ఆవిడ దాన్ని పక్కన పడుకోబెట్టుకుని పాడుతూ ఉంటే, పిల్ల తల్లి గడ్డం పట్టుకుని, "పాడమ్మా, ఊరికే నోరు ఆడిత్తావేటి?" అంది. మా ఆవిడ ఇంకా గట్టిగా పాడింది. ఇంకా గట్టిగా. ఆఖరికి గొంతు బొంగురుపోయి, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను వెనకాలే వెళ్ళాను. పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడింది, నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

ఆ రోజు నుంచీ ఆవిడకి ఒకటే పట్టుదల. పిల్ల చెవులు పూర్తిగా మూసుకుపోయేలోగా తన గొంతు దాని మనసులో నాటుకుపోవాలి. పొద్దునా సాయంత్రమూ దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చెవికి పెదాలు ఆనించి పాడేది. పిల్ల కాసేపు ఓపిగ్గా కూర్చుని, తర్వాత ఆటకి పారిపోయేది.

అలా ఉండగా ఒకరోజు కేరేజీ ఇవ్వడానికి అన్నతో కలిసి మిల్లు గేటు దాకా వచ్చిన పిల్ల, లోపల తిరుగుతున్న రోలర్ల మోతకి ఆగిపోయింది. గేటు ఇనప ఊచలు రెండు చేతులా పట్టుకుని, "నాన్నా! ఇక్కడ నాకు వినబడతంది!" అని అరిచింది. దాని మొహంలో అంత సంతోషం చూసి ఎన్నాళ్ళయిందో! మా వాడు ఎనిమిదో తరగతి, ఆ వయసుకే చెల్లెలంటే వాడికి బెంగ. విశాఖపట్నంలో ఒక కాలేజీ గ్రౌండులో రాక్ కచేరీ జరుగుతుందని, ప్రవేశం ఉచితమని, డ్రమ్ములు కొడితే ఛాతీ అదిరిపోతుందని ఎవరి దగ్గరో విని వచ్చి, "చెల్లికి పాట వినిపిద్దాం నాన్నా, ఒక్కసారి" అని నా వెంట పడ్డాడు.

ఇంట్లో మాట ఎత్తేసరికి పెద్ద గొడవయింది. మా ఆవిడ అన్నగారు, నాకు బావ, సంఘ పెద్ద. ఆయన ఆ సాయంత్రమే వచ్చేసి, "పిల్లల్ని సైతాను పాటలకి తీసుకెల్తావేటి బావా? రేపు సంఘంలో నేను మొకం ఎలా సూపించాలి?" అని ఎగిరాడు. నాకు ఒళ్ళు మండింది. సైతాను సంగతి తర్వాత, ముందు నా కూతురికి ఒక్క పాట వినబడే దారి నువ్వు చూపించు, మానేస్తాను అన్నాను. ఆయన చెప్పులు వెతుక్కున్నాడు. మా ఆవిడ మాత్రం ఆయన వెళ్ళేదాకా ఆగి, అసలు సంగతి చెప్పింది. "దానికి ఆఖరున మిగిలేది ఆ డబ్బాల మోతేనేటండీ? నా గొంతు కాదేటి?" అని బావురుమంది.

డాక్టర్ని అడిగి ఆయన వద్దంటే మానేద్దాం అన్నాను. వెళ్ళి అడిగితే ఆయన, ఒక్క సాయంత్రంతో ఎక్కువయ్యేదీ లేదు, తక్కువయ్యేదీ లేదు, పోయేది ఎలాగూ పోతుంది, స్పీకర్లకి దూరంగా ఉంచి చూపించండి అన్నాడు. ఆ మాట విన్నాక మా ఆవిడ ఇంటికి వచ్చి పులిహోరకి చింతపండు నానబెట్టింది. అంటే వస్తానని అర్థం.

మరి చాప ఎందుకంటారా? మాకు తెలిసిన పెద్ద సభలంటే ఏటా మైదానంలో జరిగే సువార్త కూటాలే. వాటికి వెళ్ళేవాళ్ళు ఎండ దిగకముందే చేరుకుని, చాప పరుచుకుని, కేరేజీ పక్కన పెట్టుకుని జాగా ఆపుకోవాలి. మేమూ అదే పద్ధతిలో తెల్లబట్టలు కట్టుకుని, నాలుగింటికల్లా గ్రౌండుకి చేరి, స్పీకర్లకి ఎడంగా వేదిక కనబడే చోటు చూసుకుని చాప వేసేశాం. ఇంకా వైర్లు కూడా తగిలించలేదు. జుట్టు పెంచుకున్న ఒక కుర్రాడు వచ్చి, "అంకుల్, ఇది ప్రేయర్ మీటింగు కాదండీ" అన్నాడు నవ్వు ఆపుకుంటూ. "తెలుసు బాబూ, పాటలకే వచ్చేం" అని మా ఆవిడ వాడి చేతిలో కూడా ఇంత పులిహోర పెట్టింది. ఆ కుర్రాడు తిని, చెయ్యి కడుక్కుని వెళ్ళి వేదిక ఎక్కి డ్రమ్ముల వెనక కూర్చుంటే మేం నోళ్ళు తెరిచాం.

చీకటి పడుతుండగా మొదలైంది. ఓరి నాయనో! మిల్లులో పనిచేసినవాణ్ణి, నాకే గుండెలు జారిపోయాయి. మరుక్షణం చుట్టూ ఉన్న జనమంతా లేచి గెంతడం మొదలుపెట్టారు. మా కూటాల్లో పాటకి లేచినా చప్పట్లతో సరి, ఇలా గెంతేవాళ్ళని మేం ఎక్కడ చూశాం? చాప మీద కూర్చున్న మాకు కాళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. కేరేజీ ఎవరి కాలో తగిలి దొర్లిపోయింది. పిల్లని భుజాల మీదకి ఎత్తుకుని నేనూ లేచాను. అప్పుడు చూశాను దాన్ని. కళ్ళు ఇంత చేసుకుని, నోరు తెరిచి, రెండు చేతులూ నా నెత్తి మీద డ్రమ్ముకి సరిగ్గా కొడుతోంది. దానికి వినబడుతోంది! ఏడ్చాను. ఏడ్చానని చెప్పుకోడానికి నాకు సిగ్గు లేదు.

ఇంకో చిత్రం ఏమిటంటే, అంత జనంలో ఎవడి మాట ఎవడికీ వినబడడం లేదు. అరుచుకుని అరుచుకుని విసిగిపోతున్నారు. నేను మాత్రం మా వాడితో చేతులతో మాట్లాడుతున్నాను, ఇటు రా, అమ్మ చెయ్యి వదలకు, నీళ్ళు అందుకో అని. పిల్ల పైనుంచి అది చూసి కిందకి వంగి, తనూ పిడికిలి తిప్పి, వేళ్ళు ఆడించి, నాకు తెలియని సైగలు కూడా కల్పించి కబుర్లు మొదలెట్టింది. కొన్ని నెలలుగా ఇంట్లో మాటలు అందక మూల కూర్చునే పిల్ల, అక్కడ అందరికంటే వాగుడుకాయ అయిపోయింది.

కాసేపటికి అది నా భుజాల మీంచి దిగి, తల్లి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, "అమ్మా, నువ్వూ పాడు!" అని అరిచింది. మా ఆవిడ నా వైపు చూసింది. ఏ పాట పాడిందో నాకు తెలీదు, ఆ మోతలో నాకే వినబడలేదు. కొంగు నడుముకి దోపుకుని, మెడ నరాలు ఉబ్బేలా, నోరంతా తెరిచి పాడింది. పిల్ల తన చెంప ఆవిడ గొంతుకి ఆనించి ఉంచింది. మా వాడు వాళ్ళిద్దర్నీ జనం తొయ్యకుండా చేతులు చాపి నిలబడ్డాడు.

మళ్ళీ క్రషింగు మొదలయ్యేసరికి చిన్నదానికి మిల్లు మోత కూడా వినబడడం మానేసింది. చెవి మిషను బీరువాలోకి వెళ్ళిపోయింది. దాని మాట కూడా మెల్లమెల్లగా మారి, బయటివాళ్ళకి అర్థం కాకుండా పోయింది. మా ఆవిడ ఆ తర్వాత కూడా పాటల బృందంలో పాడింది గాని, ఇంట్లో ఎప్పుడూ పాడలేదు. నేను అడగలేదు.

చిన్నది చదువుకుంది, ఇప్పుడు బధిరుల పాఠశాలలో కుట్టుపని నేర్పుతోంది, తనలాగే వినబడని మంచి కుర్రాణ్ణే పెళ్ళి చేసుకుంది. కాలం ఎంత మారిపోయింది! మా మిల్లు మూతపడి గేటు ముందు గడ్డి మొలిచింది. మా బావ కూర్చునే గుడిలోనే ఇప్పుడు డ్రమ్ములూ గిటార్లూ మోగుతున్నాయి, ఆయనే ముందు వరసలో చప్పట్లు కొడుతున్నాడు. సంతోషమే. ఎవర్ని ఏమంటాం.

మా ఆవిడ కిందటేడు ప్రభువు దగ్గరకి వెళ్ళిపోయింది. జ్ఞాపకార్థ కూడికలో లేచినవాళ్ళందరూ ఆవిడ గొంతు గురించే చెప్పారు. చిన్నది నా పక్కన కూర్చుని వాళ్ళ పెదాలు చూస్తూనే ఉంది. ఇంటికి వచ్చాక నన్ను కూర్చోబెట్టి, చేతులతో చెప్పింది. డ్రమ్ము గుర్తుందట, ఇప్పటికీ ఛాతీలో తెలుస్తుందట. అమ్మ నోరు గుర్తుందట, పెద్దగా తెరిచి, మెడ అంతా కదులుతూ. గొంతు మాత్రం లేదట, ఎంత వెతికినా దొరకడం లేదట. "అందరికీ తెలుసు, నాకే తెలీదు. అమ్మ గొంతు ఎలా ఉండేది నాన్నా?" అని అడిగింది.

ఇన్నేళ్ళు ఆవిడ పక్కన కూర్చుని విన్నవాణ్ణి, చేతులు ఎత్తాను, దించాను. ఆగు, కాగితం మీద రాసి ఇస్తాను అన్నాను. మొన్న ఆ చెవి మూతలు చూశాక ఇదంతా అందుకే మొదలుపెట్టాను. ఇంత రాశాక మొదటి నుంచీ చదివి చూసుకుంటే, అన్నీ ఉన్నాయి గాని ఆ గొంతు ఇందులో ఎక్కడా లేదు. తల్లీ, నాకు ఇంతకన్నా రాయడం చేతకాలేదు.