గుర్రం గడిలో బంటు

1988లో, కోదాడలో అసిస్టెంట్ ఇంజనీరుగా ప్రొబేషన్‌లో ఉండగా, సూర్యాపేటలో మా విద్యుత్ శాఖ ఉద్యోగుల చదరంగం పోటీకి నన్ను అంపైరుగా వేశారు. అర్హత: కాలేజీలో ఆడానని దరఖాస్తులో రాసుకోవడం.

చివరి ఆటలో తెల్లపావులు మా డివిజనల్ ఇంజనీరు, అంటే డీఈ గారివి. నా ప్రొబేషన్ ఫైలు ఆయన బల్ల మీదే ఉంది. గెలిచినవారు మిర్యాలగూడ తుది పోటీకి వెళ్లాలి. ఆయన టూర్ ప్రోగ్రాం ముందే వేయించుకున్నారు. ఎదుట చిలుకూరు లైన్‌మన్ యాదయ్య.

డీఈ గారు పుస్తకంలో ఉన్నట్టే రెండో ఎత్తులో ఒక బంటును ఎర వేశారు. యాదయ్య దాన్ని ముట్టకుండా తన బంటునే ఎదురు ఎర వేశాడు. దీన్ని కౌంటర్ గాంబిట్ అంటారు. యాదయ్యను అడిగితే, "ఆయనేసిండు, నేనేసిన" అన్నాడు.

ఏడో ఎత్తుకు యాదయ్య బంటు డీఈ గారి గుర్రాన్ని తిని, అది నిలబడ్డ చివరి వరుస గడిలోనే కూర్చుంది. అక్కడికి చేరిన బంటును, రాజు తప్ప, ఏ పావుగానైనా మార్చుకోవచ్చు. లోకమంతా మంత్రినే తీసుకుంటుంది.

"సార్, పక్క బోర్డుకెల్లి ఒక నల్ల గుర్రం ఇప్పియ్యుండ్రి."

డీఈ గారు పగలబడి నవ్వారు. "మంత్రి వస్తుంటే గుర్రం అడుగుతావేంటయ్యా! అందుకే ఇంకా స్తంభాలెక్కుతున్నావ్."

"గుర్రం గడికి పోయిన బంటు గుర్రమే అయితది గద సార్. మా చిలుకూర్ల గంతే."

అది ఊరి ఆట నియమం. పోటీ నియమం కాదు. కానీ ఆ గడి నుంచి మంత్రికైతే అందని రాజుకు, ఆ గుర్రం నేరుగా షా, అంటే చెక్, చెప్పింది. డీఈ గారు నవ్వు ఆపకుండానే దాన్ని ఏనుగుతో తిన్నారు. వెంటనే యాదయ్య శకటు ఐమూలగా వచ్చి మళ్లీ షా చెప్పింది. రాజు తప్పుకుంటే వెనకున్న మంత్రి పోతుంది. నవ్వు అప్పుడాగింది.

అతనికి నియమమే తెలియదు కనుక ఆ ఎత్తు చెల్లదనీ, గుర్రం తీసి మంత్రిని పెట్టించి మళ్లీ ఆడించాలనీ డీఈ గారు ఆదేశించారు. ఏ పావు కావాలో మాత్రమే నియమం అడుగుతుంది, ఎందుకో అడగదని మనవి చేశాను. పైగా ఆ గుర్రాన్ని తిన్నది తమరేనని కూడా. ఫలితాల కాగితం మీద ఆయన "పని ఒత్తిడి వల్ల విరమణ" అని రాసి సంతకం పెట్టారు.

మిర్యాలగూడకు యాదయ్య వెళ్లాడు. నా ప్రొబేషన్ ఆరు నెలలు పొడిగించారు. కారణం: "నియమాలపై అవగాహన పెరగవలసి ఉంది."

పెరిగింది. ఎత్తు చెల్లడానికి, వేసినవాడికి నియమం తెలిసి ఉండనక్కర్లేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఆఫీసు ఉత్తర్వులు కూడా ఆ పద్ధతిలోనే చెల్లడం చూశాను.