పెన్ను మూసి చదివే టీచరమ్మ

"అక్కా, చదివించుకోకుంట ఏ కాయితం మీదా వేలు పెట్టకు" అన్నది. "సరే టీచరమ్మా, నువ్వు జల్ది రా" అన్నాను. కాజీపేట స్టేషన్‌లో మా ఆఖరి మాటలు అవే.

రాళ్ల క్వారీలో పనిచేసే మా ఆడవాళ్లకు ఆమె సాయంత్రాలు చదువు చెప్పేది. అక్కడే మా ఆయన బండ కింద పడి చనిపోయాడు. ఆ రోజు ఓనరు మనుషులు తెచ్చిన కాగితం మీద నేను ఏడుస్తూ వేలిముద్ర వేశాను. తాగి పడ్డాడని అందులో ఉందని టీచరమ్మ చదివితేనే తెలిసింది. ఆయన జన్మలో తాగలేదు.

కూలీల హక్కుల కోసం దేశదేశాల వాళ్లు కూర్చునే సభలో చెప్పాలని ఆమె నా మాటలు రాసుకుంది. నాలుగు మాటలు రాయగానే పెన్ను మూసి, చదివి వినిపించేది. ఒకచోట 'దిక్కులేనిది' అని వచ్చింది.

"గట్ల రాయకు. రాళ్లు కొడతనని రాయి."

నవ్వి ఆ మాట కొట్టేసింది.

కాజీపేటలో రైలెక్కి వెళ్లాక, సభలో నా మాట చదివిందని ఆమెతో వెళ్లిన మేడం చెప్పింది. టీచరమ్మ మాత్రం మళ్లీ రాలేదు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. నా మాట నాకే వినిపించే మనిషి ఇంకొకరు దొరకలేదు.

బిడ్డా, నేను చెప్పిందంతా రాసినవ్ కదా? నా తమ్ముని కూతురివే, అయినా వినకుంట ఊకెనే వేలు పెట్ట. పెన్ను మూసి, మొదటి నుంచి చదువు.