మా ఆటలో ఝూటా స్వామి

మొన్న ఎల్బీ నగర్‌లో మెట్రో మెట్లు దిగి సందులోకి తిరిగితే, పంక్చర్ దుకాణం అతను ట్యూబుకు అతుకు వేసి కాలుస్తున్నాడు. ఆ కాలిన రబ్బరు వాసన తగలగానే హారన్లు, ఆటోవాళ్ల కేకలు, జిల్లా బస్సుల కోసం పరుగెత్తే జనం అన్నీ ఎక్కడో దూరంగా జరిగిపోయి, నాకు బంద్ రోజుల పొద్దులు కళ్ల ముందుకొచ్చాయి. వేరేవాళ్లకు చిన్నతనం అంటే మల్లెపూల వాసనో, మామిడికాయ ముక్కల వాసనో గుర్తుకు రావచ్చు. తెలంగాణ ఉద్యమం ఉద్ధృతంగా నడిచిన ఏళ్లలో ఈ వైపు పెరిగిన మాకు మాత్రం చిన్నతనమంటే చౌరస్తాలో కాలిన టైరు వాసన, దాని వెంటే వచ్చే సెలవు.

బంద్ రోజున మన్సూరాబాద్ కాలనీకి ఒక విచిత్రమైన నిశ్శబ్దం వచ్చేది. బస్సు చప్పుడు ఉండేది కాదు గనుక కోయిల అరుపు, పక్కింటి కుక్కర్ కూత, మూడు వీధుల అవతల బట్టలుతికే చప్పుడు కూడా వినిపించేవి. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల షట్టర్లన్నీ దిగిపోయేవి. వాటిలో ఒకదానిలో ఫిజిక్స్ చెప్పే మా నాన్న లుంగీ కట్టుకుని, పేపరు మడతలు విప్పుతూ పిట్టగోడ దగ్గర కూర్చునేవాడు. హైవే మీద పిల్లలు క్రికెట్ ఆడేవారు. చౌరస్తాలో వంటావార్పు జరిగే రోజున రోడ్డు మధ్యలో రాళ్లు పేర్చి, పెద్ద పెద్ద గిన్నెల్లో బగారా అన్నం, పప్పుచారు వండి, వచ్చిపోయేవాళ్లందరికీ విస్తరాకుల్లో వడ్డించేవారు. మాది గుంటూరు వైపు కుటుంబం. అమ్మ అక్కడికి వెళ్లడానికి జంకేది. మా ఇంటి ఓనరు యాదమ్మ మాత్రం, "ఏంది, అన్నానికి గూడ ఆంధ్ర, తెలంగాణ ఉంటదా? పా బిడ్డా" అని నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయేది.

యాదమ్మకు ఆ కాలనీ లేవకముందు అక్కడ జొన్న చేను ఉండేదట. చేను ప్లాట్లయ్యాక మిగిలిన ముక్కలో రెండంతస్తుల ఇల్లు కట్టి, కింద తాము ఉంటూ పైభాగం మాకు కిరాయికిచ్చారు. నేను అమ్మ నేర్పినట్టు "మామ్మగారూ" అని పిలిస్తే, "గారు గీరు ఏంది, ముసల్దాన్ని" అని నవ్వేది. చేతిలో ఎప్పుడూ తమలపాకు, నోట్లో వక్క, నడుముకు వేలాడే తాళాల గుత్తి. వానాకాలం సాయంత్రాలు ఆమె పెనం మీద సర్వపిండి తడుతుంటే నువ్వుల వాసన మెట్లెక్కి మా గదిలోకి వచ్చేది. ఆమె మనవరాలు స్వప్నకు, నాకు ఒకే వయసు, ఒకే తరగతి. స్వప్న చెల్లెలు చిన్ని అప్పటికింకా పలక మీద అక్షరాలు దిద్దుతోంది. వాళ్లమ్మ పద్మ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. వాళ్ల నాన్న తల్లి మాట దాటే మనిషి కాదు.

కాలేజీ మూతపడి ఇంటికొచ్చిన మా శీను అన్నయ్య, హాస్టల్లో నేర్చుకున్న ఒక ఆటను ఆ బంద్‌లలోనే మాకు అంటించాడు. అది చేతులతో, కాళ్లతో ఆడే ఆట కాదు, మాటలతో ఆడేది. అన్నయ్య ఒక రాజ్యం గురించి కథ చెప్పేవాడు. అందులో మేము తలొక పాత్ర తీసుకుని, ఏం చేస్తామో చెప్పేవాళ్లం. అది కుదిరిందో లేదో పాచికలు తేల్చేవి. ఆ ఆట పుస్తకంలో చెప్పిన పలకల పాచికలు మాకెక్కడివి? యాదమ్మ పచ్చీసు గవ్వలు తెచ్చి, వాటితోనే కానిచ్చేవాళ్లం. గవ్వలు విసిరే పని చిన్నిది. విసిరి, బోర్లా పడ్డవి, వెల్లకిలా పడ్డవి చూసి, ఏమీ అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టేది.

పాత్రల్లో కత్తి పట్టేవాడు, మంత్రం వేసేవాడు, దేవుడి వరంతో గాయాలు మాన్పే పూజారి, తాళాలు తీసే దొంగ ఉండేవారు. వీళ్లందరి చివర ఎవరూ కోరుకోని ఒక పాత్ర ఉండేది: ఏ దేవుడి వరమూ లేకుండా, ఉన్నట్టు నటించే పూజారి. నేను కత్తి తీసుకున్నాను. స్వప్న మాత్రం ఆ చివరిదాని దగ్గర ఆగిపోయింది.

"గీ ఝూటా స్వామి నాకు గావాలె."

"వాడి దగ్గర ఏ శక్తీ లేదు కదే" అన్నాన్నేను.

"గదే మజా. నీ కత్తి విరిగితే నువ్వు అయిపోయినవ్. వీనిది విరగనీకి ఏముంది?"

ఝూటా స్వామికి నియమాలు వేరు. మిగతావాళ్లకు గవ్వలు వేసేది వాళ్ల బలం ఎంతో చూడటానికి. ఇతనికి వేసేది ఎదుటివాడు నమ్మాడో లేదో చూడటానికి. మహిమ చూపించే ముందు, ఆ మోసం ఎలా చేస్తున్నదీ అన్నయ్య చెవిలో చెప్పి తీరాలి. మోసంలో పస లేకపోతే గవ్వలు వెయ్యనిచ్చేవాడు కాదు. ఇంకొక నియమం కూడా పెట్టాడు. ఒకసారి నమ్మిన ఊరు మర్నాడు మళ్లీ వస్తుంది. కాదనడానికి స్వామికి వీల్లేదు.

ఈ సంగతి తెలిసి మా నాన్న ఎగిరి గంతేశాడు. ఆయన ఆదివారాలు స్కూళ్లకు వెళ్లి, నాలుక మీద కర్పూరం వెలిగించుకుని, కొబ్బరికాయలోంచి మంట రప్పించి, బాబాల గుట్టు విప్పి చెప్పే మనిషి. ఇంట్లో భోజనాల దగ్గర కూడా ఎవరో ఎదురుపక్షం కూర్చున్నట్టే మాట్లాడేవాడు. మోసం ఎలా జరుగుతుందో చేత్తో నేర్చుకున్న పిల్ల జన్మలో మోసపోదని ఆయన సిద్ధాంతం. స్వప్నను ఎదురుగా కూర్చోబెట్టుకుని, విభూతిని గంజితో తడిపి, చిన్న ఉండలు చేసి ఎండబెట్టి, వాటిని బొటనవేలి మొదట్లో దాచి, ఖాళీ అరచెయ్యి అందరికీ చూపించి, తర్వాత గుప్పిట్లో నలిపి రాల్చడం నేర్పాడు. స్వప్న వేళ్లు పొడుగు. నాకు వారమంతా కష్టపడినా చేతకానిది ఆమెకు ఒక్క మధ్యాహ్నంలో వచ్చేసింది. "చూశావా, దీనికి సైంటిస్టు బుద్ధి ఉంది" అని నాన్న మురిసిపోయాడు.

ఆ వేసవిలోనే చిన్నికి మూర్ఛలు మొదలయ్యాయి. గవ్వలు విసరబోతూ చెయ్యి గాల్లోనే ఆగిపోయి, కళ్లు పైకి తేలి, ఒళ్లంతా కొయ్యబారి పక్కకు ఒరిగిపోయింది. తెలివొచ్చాక తన గవ్వలు ఏవని అడిగింది. మళ్లీ వచ్చింది, మళ్లీ వచ్చింది. యాదమ్మ ఆ పిల్లను తుర్కయంజాల్ దగ్గర దుకాణాల వెనక షెడ్డు వేసుకున్న ఒక స్వామి దగ్గరికి తీసుకుపోయింది. అతను తాయెత్తు కట్టి, విభూతి పొట్లమిచ్చి, ఇంగ్లీషు మందు ఒంట్లోకి పోతే తన మందు విషమవుతుందని చెప్పాడు. ఆ ఒక్క మాట కోసం అతన్ని నేను ఇవాళ్టికీ క్షమించలేదు. పొట్ట కోసం విభూతి అమ్ముకోవడం వేరు, పిల్లను డాక్టరు గుమ్మం ఎక్కనివ్వకపోవడం వేరు.

నాన్న కిందికి దిగి వెళ్లాడు. మెదడు, నరాలు, విద్యుత్తు అన్నీ వివరించాడు. అంతటితో ఆగకుండా, ఆ స్వామి రాల్చే విభూతి తానూ రాల్చగలనని అక్కడికక్కడే రాల్చి చూపించాడు. చుట్టుపక్కల ఆడవాళ్లు ముసిముసిగా నవ్వారు. యాదమ్మ ముఖం నల్లబడింది.

"సారూ, మా పిల్ల పాణం మీదికొచ్చి మేం పరేషాన్ల ఉంటే నువ్వు గారడీ జేస్తున్నవా? ఎక్కన్నుంచో ఒచ్చి మా దేవుళ్లను ఎక్కిరిస్తరా మీరు?"

"దేవుణ్ణి కాదండీ, యాదమ్మగారూ, వాణ్ణి..."

"జర బయిటికి నడువు."

ఆ రోజుల్లో అలాంటి మాట కేవలం మా రెండు ఇళ్ల మధ్య మాటగా మిగలదు. అమ్మ ఇల్లు మారదామంది. కింద జరిగిన వాదనలో నాన్నే గెలిచాడు. కానీ డాక్టరుకు చూపిద్దామని అంతవరకూ అప్పుడప్పుడూ నోరు విప్పుతున్న పద్మ కూడా, పైవాళ్ల మాట విన్నట్టవుతుందని నోరు మూసుకుంది.

ఆషాఢంలో బోనాల ఆదివారం వచ్చింది. వాకిలి అలికి, ముగ్గులేసి, కొత్త కుండకు సున్నం బొట్లు, పసుపు పెట్టి, వేపమండలు కట్టి, అన్నం, బెల్లం, పెరుగు నింపారు. డప్పులవాళ్లు వచ్చారు. నేను, అన్నయ్య మెట్ల మీద నిలబడ్డాం. నాన్న పైన పిట్టగోడ దగ్గర. యాదమ్మ బోనం నెత్తికెత్తుకోబోతుండగా స్వప్న జడ విప్పుకుని, ఒక్క కేక పెట్టి వాకిట్లోకి వచ్చి ఊగడం మొదలుపెట్టింది. డప్పు హోరెత్తింది. ఎవరో వేపమండ చేతికిచ్చారు. యాదమ్మ కుండ దించి, చేతులు జోడించి, కాళ్ల దగ్గర పసుపు నీళ్ల సాక పోసింది.

"అమ్మా, తల్లీ, ఎవలవు నువ్వు? ఏం తప్పయింది మాతోని?"

"పోచమ్మనే! నాకు బోనమెత్తుతున్నవ్, నా బిడ్డను మన్నుపాల్జేస్తున్నవ్."

"స్వామి కాడికి తోల్కవోతనే ఉన్నం గద, తల్లీ."

"ఆడ నేను లేను. దవాఖానల కూసున్న. తెల్ల బట్టలల్ల కూసున్న. ఆడికి తేండ్రి నా బిడ్డను. ఆడిచ్చే గోళీ నా ప్రసాదం. ఒక్క పూట తప్పినా నేనూకోను!"

అంటూ రెండు అరచేతులూ అందరికీ చూపించి, గుప్పిలి మూసి, చిన్ని తల మీద తెరిచింది. బండారి రాలింది, అమ్మవారి పసుపు. ఆడవాళ్లు ఒక్కసారిగా మోకరిల్లారు. నేను ఆమె బొటనవేలు మడిచిన తీరు చూశాను. తలెత్తి చూస్తే, పిట్టగోడ పట్టుకుని మా నాన్న కూడా అదే చూస్తున్నాడు.

మర్నాడే చిన్నిని దవాఖానకు తీసుకెళ్లారు. డాక్టరు గోళీలు రాశాడు, ఏళ్ల తరబడి ఒక్క పూట కూడా మానకూడదన్నాడు. అది విని యాదమ్మ, పోచమ్మ తల్లి కూడా అదే చెప్పిందని కళ్లు తుడుచుకుందట.

నాన్న స్వప్నను పైకి పిలిచి తలుపు వేశాడు. "ఇందుకా నీకు నేర్పింది?" అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా ఉండటం నేనెప్పుడూ వినలేదు.

"మీరు చెప్తె ఇనలే గద, అంకుల్" అంది స్వప్న. "మా అమ్మ చెప్తె ఇనలే. నేను జెప్తె అసలే ఇనదు. పోచమ్మ చెప్తె ఇన్నది."

అయినా నిజం చెప్పి తీరాలని నాన్న ఒక పొద్దున కిందికి వెళ్లాడు. ఎందరో బాబాల గుట్టు బయటపెట్టిన మనిషి, తన ఇంటి కింద జరిగినదాన్ని చూసి ఎలా ఊరుకుంటాడు? గుమ్మం దగ్గరికి వెళ్లేసరికి, యాదమ్మ గోళీని అమ్మవారి పటం ముందు పెట్టి, దణ్ణం పెట్టుకుని, చిన్ని నోట్లో వేసి నీళ్లు తాగిస్తోంది. అమ్మవారు చెప్పలేదని తెలిస్తే రేపటి గోళీ ఏమవుతుందో నాన్నకు చెప్పేవాళ్లు అక్కర్లేదు. ఏం సారూ అని ఆమె అడిగితే, "నీళ్ల మోటారు వేశారా అని" అని తిరిగి వచ్చేశాడు. ఆ రోజంతా ఎవరితోనూ వాదించలేదు.

అన్నయ్య పెట్టిన నియమం ఆటలోంచి బయటికి నడిచి వచ్చింది. స్వప్న నోట పోచమ్మ మాట వినడానికి మంగళవారం మంగళవారం జనం రాసాగారు. తెలంగాణ ఒస్తదా తల్లీ అని ఒకరు అడిగితే, "ఒస్తది, ముందు మీ పోరగాండ్లను బడికి తోలుండ్రి" అంది. మేము మెట్ల మీద నోరు నొక్కుకుని నవ్వాం. జ్వరమన్నా, కడుపునొప్పి అన్నా దవాఖానకే పొమ్మనేది. కానీ ఇల్లు విడిచిపోయిన మొగుడు వస్తాడా అని పక్క బస్తీ ఆమె కాళ్లు పట్టుకుంటే, ఏ దవాఖానకు పంపాలి? "ఒస్తడు" అంది. ఆమె ప్రతి మంగళవారం వచ్చి, వాకిట్లో చివర కూర్చుని వెళ్లేది. ఆమె వెళ్లాక స్వప్న బట్టలుతికే బండ దగ్గర వాంతి చేసుకోవడం నేను చూశాను. వద్దను, మానెయ్ అన్నాను. "మానేస్తె చిన్ని గోళీలు నువ్విస్తవా?" అంది. ఆ తర్వాత మాతో ఆట ఆడలేదు.

రాష్ట్రం వచ్చింది. రోడ్ల మీద రంగులు చల్లుకున్నారు, స్వీట్లు పంచుకున్నారు. యాదమ్మ మా అమ్మ నోట్లో జిలేబీ ముక్క పెట్టింది. మరికొంత కాలానికి, చిన్నికి ఇక మూర్ఛలు రావు, మందు ఆపేయొచ్చు అన్నాడు డాక్టరు. ఆ సాయంత్రమే స్వప్న నానమ్మ ముందు కూర్చుంది. నన్ను పక్కన ఉండమంది.

"నానమ్మా, నాకు పోచమ్మ పూనలే. ఎప్పుడూ పూనలే. నేనే జేసిన."

యాదమ్మ వక్క కత్తిరిస్తూ, "పూనినోళ్లకు గది తెల్వదు, బిడ్డా" అంది.

"నాకన్నీ యాదున్నయ్. పసుపు ఉండలు గంజితోని నేనే జేసిన. అంకుల్ నేర్పిండు."

"చేతులు నీయే. చేపిచ్చింది ఆమె." మనవరాలి ముఖం వంక చూసి, "పాపం, మస్తు అలిసిపోయినవ్. ఇగ రానియ్యకు తియ్, నేను జెప్త అందరికీ" అంది. అన్నట్టే మంగళవారాలు ఆపించింది. కానీ నమ్మకం మాత్రం చివరిదాకా విడవలేదు.

పెద్దయ్యాక నాన్న దారిలోనే నేనూ ఎన్నో సభల్లో, ఎందరో పండితులతో వాదించాను. ఆ ముసలామెకు మాత్రం ఏం జవాబు చెప్పాలో నాకు ఇప్పటికీ తోచదు. అబద్ధం మంచి చేసింది కదా అని ఎవరైనా అంటే ఒప్పుకోను. మంచి చేసింది మందు. ఆ మందుకు, పిల్లకు మధ్య ఒక పదమూడేళ్ల ఆడపిల్ల దేవతై నిలబడాల్సి రావడం మా ఓటమి. మేము వాదించడం నేర్చుకున్నాం, మా మాట నమ్మదగ్గ పొరుగువాళ్లం కావడం నేర్చుకోలేదు.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, అపార్ట్‌మెంట్ లేచింది. యాదమ్మ లేదు. బగారా అన్నం వండిన చౌరస్తా మీదుగా ఫ్లైఓవర్లు వెళ్తున్నాయి, కోయిల అరిచినా వినపడదు. స్వామి షెడ్డు ఫంక్షన్ హాలయింది. స్వాములు ఫోన్లలోకి మారారు. పోయిన నెల స్వప్న వాళ్లింట్లో భోజనాలు. చిన్ని మంచి ఉద్యోగంలో చేరిందని అందరినీ పిలిచారు. పంక్తిలో కూర్చున్న స్వప్న అత్తగారు, చిన్నప్పుడు నీకు మూర్ఛలుండేవట గదా, ఎట్ల తగ్గినయ్ అని చిన్నిని అడిగింది.

"గోళీలు మింగిన, అత్తమ్మా. ఏండ్లకేండ్లు" అంది చిన్ని నవ్వుతూ.

"అంతా పోచమ్మ తల్లి దయ" అంది పద్మ, ఎప్పటిలాగే మెల్లగా.

"ఏందమ్మా స్వప్నా, ఏది నిజం?"

స్వప్న గరిటె గిన్నెలో ముంచి అత్తగారి విస్తరి మీదికి వంగింది.

"జర పప్పెయ్యనా, అత్తమ్మా?"